చప్పట్లు కొట్టకూడని ఇల్లు

పోయినవారం లిందౌరాని నడివీధిలో, చేతుల్లో మరియతల్లి గూడుతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆ మనిషి అక్కడే ఉంది. గూడు బరువేమీ కాదు. మూరెడు చెక్కపెట్టె, దానికి రెండు బుల్లి తలుపులు, లోపల నీలం ముసుగేసుకున్న తల్లి బొమ్మ, కింద వేలాడుతూ నాలుగు రిబ్బన్లు. అడుగు పడనిది బరువుకి కాదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మామిడిచెట్ల వీధిలో ఆ గూడు రోజుకో ఇంట్లో ఉంటుంది. ఇవాళ ఈ ఇంటివాళ్లు జపం చేసుకుని, రేపు పొద్దువాలేసరికి పక్కింటివాళ్ల చేతికిస్తారు. వాళ్లు కాఫీ కాచి, మొక్కజొన్న కేకు కోసి, గూడుని లోపలికి తీసుకుంటారు. ఈ తిప్పుడంతా చూసుకునేది లిందౌరా. వీధిలో వరదొచ్చినా, పీనుగ లేచినా ఆ వరస తప్పనివ్వలేదు. ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఆమె పక్కిల్లే. ఏళ్లతరబడి ఖాళీగా పడున్న ఆ పసుపురంగు ఇంట్లో మునిసిపాలిటీవాళ్లు ఎనిమిదిమందిని తెచ్చిపెట్టారు. కొండమీది పిచ్చాసుపత్రి మూసేశాక పోవడానికి చోటులేని ముసలివాళ్లు. చూసుకోవడానికి మార్లూసి అనే ఆయమ్మని పెట్టి, ఇకనుంచి ఇదే వీళ్లిల్లు అన్నారు.

వీధి అంతా భగ్గుమంది. గూడుని ఆ ఇల్లు దాటించి పంపేద్దాం అన్నారు. ఫాదరుగారు ఒప్పుకోలేదు. "మరియతల్లి బస్సు కాదమ్మా, మీకు నచ్చని స్టాపు దాటించుకుపోవడానికి" అన్నారు. "సరే, అయితే అందరం కలిసే పోదాం. లోపలేం జరుగుతోందో కళ్లారా చూద్దాం. తప్పు దొరక్కపోదు, మునిసిపాలిటీ మెడలు వంచి ఖాళీ చేయిద్దాం" అంది జెనైదె. ఆవిడ ఊఁ అంటే వీధి లేస్తుంది, ఊహూఁ అంటే కూర్చుంటుంది.

ఇక మీకూ నాకూ తప్ప ఆ వీధిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. లిందౌరా కూడా ఆ కొండమీదినుంచే వచ్చింది. వయసులో ఉండగా, తండ్రి తెచ్చిన ముసలి సంబంధం చచ్చినా చేసుకోనని మొండికేసింది. మతి తప్పిందని తీసుకెళ్లి అక్కడ పడేశాడా మహానుభావుడు. నాలుగేళ్లు. మొగుడు వాల్దొమీరోకి ఆమె చెప్పింది వేరు, ఆ నాలుగేళ్లూ సన్యాసినుల మఠంలో బట్టలుతికానని. దేవుడిలాంటి ఆ బస్సు మెకానిక్కు ఇప్పటికీ నమ్ముతున్నాడు. సగం వీధి పిల్లలు పగలంతా ఆమె వసారాలోనే పెరుగుతారు, తల్లులు నిశ్చింతగా వదిలి పనులకి పోతారు. ఈ గుట్టు రట్టయితే రేపు పొద్దున ఒక్క పిల్ల ఆ గుమ్మం తొక్కుతుందా? అందుకే పసుపింటిమీద అందరికంటే గట్టిగా అరిచింది కూడా లిందౌరానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దొరికిపోతానేమోనని, ముందుగానే ఇతరుల భుజాలు చూపించింది.

అదీ సంగతి. ఇప్పుడామె అడుగు ముందుకేస్తోంది, చూడండి.

"వదినా, ముసుగేంటి అంత కిందికి లాక్కున్నావ్, దారి కనిపిస్తోందా?" అంది పక్కన నడుస్తున్న అదల్జీజా. బేకరీ ఆయన పెళ్లాం. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఎండ కళ్లల్లో పడుతోందే."

"ఎండెక్కడ? ఆకాశం చూడు, బొగ్గుల కుంపట్లా ఉంది. ఇదిగో, లోపలికెళ్లగానే కత్తులు దాచారో లేదో అడుగు. మొన్న నా కోడి పోయింది."

"నీ కోడిని నీ మొగుడే ఆదివారం కోయించాడు, నాకూ ఒక తొడ పంపించావు" అన్నాడు వెనకనుంచి వాల్దొమీరో. నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో ప్రాణం లేదు. భయపడే మనుషులు నవ్వితే అలాగే ఉంటుంది.

లిందౌరా నవ్వలేదు. ఆమె మనసంతా ఒకే లెక్కమీద ఉంది. అక్కడ వందలమంది ఉండేవాళ్లు. వందల్లో ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిమందిలో నన్నెరిగినవాళ్లు ఉండాలనేముంది? ఉన్నా, అప్పుడు నాది బోడిగుండు, ఎముకలగూడు. ఇప్పుడీ లావు, ఈ జడ, ఈ పువ్వుల గౌను. కన్నతల్లి లేచొచ్చినా గుర్తుపట్టదు. ఇలా అనుకుంటూ పది గజాలు నడిచింది. మరుక్షణమే, గుర్తుపడితే? అనుకుంది. ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది.

గేటు దగ్గర బేకరీ ఆయన రెండు చేతులూ ఎత్తాడు. మా వీధుల్లో తలుపు తట్టరు, గేటవతల నిలబడి చప్పట్లు కొడతారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే మర్యాద. చేతులు ఇంకా కలవకముందే లోపలినుంచి మార్లూసి పరిగెత్తుకొచ్చింది.

"చప్పట్లొద్దు బాబూ, చప్పట్లొద్దు! ఇదిగో గంట పెట్టించాను, గంట లాగండి."

"అదేం చోద్యం?" అంది అదల్జీజా. "చప్పట్లు కొడితే అరిగిపోతారా మీవాళ్లు?"

"బెదిరిపోతారమ్మా. మొదటివారం పోస్టాయనొచ్చి చప్పట్లు కొడితే ఇద్దరు మంచాల కింద దూరారు. ఎంత బతిమాలినా రాలేదు. ఎందుకని అడిగితే ఒక్కళ్లూ నోరు విప్పరు. నాకూ అర్థం కాలేదు."

లిందౌరా గూడుని గుండెలకి హత్తుకుంది. ఎందుకో ఆమెకీ తెలియలేదు. తెలియకుండానే ఒళ్లంతా చెమట పట్టింది. ఆ కొండమీది సంగతుల్లో సగం ఆమే పాతిపెట్టేసింది, పాతిపెట్టిన చోటు కూడా మర్చిపోయేంత లోతుగా.

"నేనిక్కడే ఉంటాను" అంది జెనైదె, గేటు పక్కన గొడుగు ఆన్చుకుని. నిండు మనిషి, తెల్లటి జుట్టు, తీర్చిదిద్దిన ముడి. ఆరేళ్ల కిందట ఏదో దూరపు ఊరినుంచి వచ్చి ఈ వీధిలో ఇల్లు కొనుక్కుంది. బళ్లో వంటమనిషిగా పనిచేసి రిటైరయ్యానని చెప్పింది. "ఆ మెట్లు నా మోకాళ్లవల్ల కాదు. మీరెళ్లి అన్నీ సరిగ్గా చూసి రండి."

"పదండి పదండి అని ఊదరగొట్టింది నువ్వే కదక్కా!" అంది అదల్జీజా.

"చెప్పాను కదా, మోకాళ్లు!" జెనైదె గొంతు ఎందుకో కటువుగా వచ్చింది. అదల్జీజా మూతి ముడుచుకుంది.

లోపల హాలు కడిగి తుడిచినట్టుంది. బల్లమీద ఇస్త్రీ గుడ్డ, కాఫీ కప్పులు, పొంగి పగిలిన మొక్కజొన్న కేకు. గోడవార కుర్చీల్లో ఎనిమిదిమంది. తలలు దువ్వి, నూనె రాసుకుని, పెళ్లికి పిలిచిన బంధువుల్లా కూర్చున్నారు. ఒనొఫ్రి అనే ముసలాయన బనీనుమీదే టై కట్టుకున్నాడు. చివరి కుర్చీలో చిన్న మనిషి, పక్షిలాంటి ముసలమ్మ, ఒళ్లో ఎర్ర సంచి.

"మా తియానా" అంది మార్లూసి. "ఆ సంచి స్నానానికి కూడా వదలదు. జీవితంలో తనదంటూ దొరికిన మొదటి వస్తువట."

లిందౌరా ఆ పేరు విననట్టు నటించింది. విన్నది. తియానా. చలికాలం నేలమీద పరిచిన గడ్డిలో ఒకరినొకరు కావిలించుకుని పడుకున్న రాత్రులు. లిందౌరా కాళ్లు తన పొట్టకానించుకుని వెచ్చబరిచిన పిల్ల. 'నిద్రపోవే, పొద్దున్నే నేను లేపుతాలే' అనేది. ఆ పిల్ల ఇంకా బతికుందా? అప్పటినుంచీ, ఇన్నేళ్లూ, అక్కడే ఉందా?

దేవుడా, నన్ను చూడనివ్వకు. చూసినా తెలియనివ్వకు. తెలిసినా మాట్లాడనివ్వకు. ఆ తల్లి గూడు చేత్తో పట్టుకుని అంత పాపపు ప్రార్థన మరెవరూ చేసి ఉండరు.

గూడు బల్లమీద పెట్టి, బుల్లి తలుపులు తెరిచింది. ఒక్కొక్కరూ వచ్చి రిబ్బను ముద్దుపెట్టుకోవాలి. మార్లూసి చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే తెస్తోంది. లిందౌరా తలెత్తలేదు. రిబ్బను అందిస్తోంది, వేళ్లు మాత్రమే చూస్తోంది. లావు వేళ్లు, వంకర వేళ్లు, గోళ్లకి రంగు వేసుకున్న వేళ్లు. అలా చివరికి రెండు చిన్న చేతులు వచ్చాయి, వాటి మధ్య ఎర్ర సంచి.

చేతులు రిబ్బనుకోసం చాచలేదు. పైకి లేచి, ముసుగుని మెల్లిగా వెనక్కి తోసి, జుట్టుమీద ఆగాయి. నుదుటినుంచి జడదాకా నిమిరాయి.

"జుట్టు పెరిగిందే" అంది తియానా.

"ఏంటంటోంది?" అంది అదల్జీజా, మెడ చాపి. "నీ జుట్టు సంగతేంటి వదినా? ఎరుగుదువా ఈవిణ్ణి?"

వాల్దొమీరో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మొహంలో అనుమానం లేదు, ఉత్త కుతూహలం, అదింకా భయంకరంగా ఉంది.

"నేనెక్కడెరుగుతాను!" అంది లిందౌరా. "పిచ్చిది, ఏదో వాగుతోంది."

అంది. అనగానే నాలుక కోసుకుంటే బాగుండుననిపించింది. తియానా కళ్లల్లోకి చూడక తప్పలేదు. ఆ కళ్లు ఆమెని పూర్తిగా గుర్తుపట్టాయి. ఆమె మొహంలోని భయాన్ని కూడా గుర్తుపట్టాయి. భయం ఎలా ఉంటుందో ఆ పిల్లకి ఒకరు చెప్పాలా?

తియానా చేతులు వెనక్కి తీసుకుంది. అదల్జీజా వైపు తిరిగి, చిన్నపిల్లలా నవ్వి, "నేను అందరికీ అలాగే అంటానమ్మా. నీ జుట్టు కూడా పెరిగింది" అంది. జనం ఘొల్లుమన్నారు. అదల్జీజా తలమీద చెయ్యి వేసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. తియానా రిబ్బను ముద్దుపెట్టుకుని, ఇటు మళ్లీ చూడకుండా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

కాపాడింది. తను పిచ్చిదన్న మాట వింటూ కాపాడింది. లిందౌరాకి ఏడుపు తన్నుకొచ్చింది, కాఫీ పోస్తున్నట్టు వంగి కళ్లు తుడుచుకుంది. గండం గడిచింది, జపం అయిపోతే చాలు, ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడుస్తాను, రేపే ఎవరూ చూడకుండా వచ్చి ఈ పిల్ల కాళ్లు పట్టుకుంటాను అనుకుంది.

అప్పుడు వాన మొదలైంది. మా వైపు వానకి తొందరెక్కువ, చినుకులని చెప్పి రాదు, కుండపోతే. గేటు దగ్గర మిగిలినవాళ్లంతా అమ్మో బాబో అంటూ వసారాలోకి, వసారాలోంచి హాల్లోకి తోసుకొచ్చారు. ఆ తోపులో జెనైదె కూడా లోపలికి కొట్టుకొచ్చింది. మోకాళ్లు బాగానే పనిచేశాయి. గోడవైపు తిరిగి గొడుగు దులుపుకుంటూ నిలబడిపోయింది.

హాలు కిక్కిరిసిపోయింది. ఇంతమందిని ఒక్కసారి చూసి ఒనొఫ్రికి సంబరం ఆగలేదు. తన వంతు రిబ్బను ముద్దు అయిపోయినా మళ్లీ కావాలని లేచాడు. గూడుకీ ఆయనకీ మధ్య అదల్జీజా ఉంది. దారివ్వమని అడగడం చేతకాక ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"పట్టుకున్నాడు! అయ్యో, నన్ను పట్టుకున్నాడు!" అని గావుకేక పెట్టింది అదల్జీజా.

అంతే. ఎవడో "కొట్టండి!" అన్నాడు. బేకరీ ఆయన కుర్చీ ఎత్తాడు. ఒక కప్పు నేలమీద పడి భళ్లున పగిలింది. ఆ చప్పుడుకి ఇంటివాళ్లలో ఇద్దరు చెవులు మూసుకుని అరవడం మొదలెట్టారు. వాళ్ల అరుపులకి వీధివాళ్లు ఇంకా హడలిపోయి గుమ్మంవైపు తోసుకున్నారు. గుమ్మంలో వాన, వెనక పిచ్చివాళ్లు. ఎవరికెవరు భయపడుతున్నారో తెలియకుండా పోయింది. "ఆయన ఏం చెయ్యడు, రిబ్బను కోసం అంతే!" అని మార్లూసి మొత్తుకుంటోంది, వినేవాడు లేడు. ఒనొఫ్రి అదల్జీజా జబ్బ వదల్లేదు. భయమేసినప్పుడు దొరికిందాన్ని పట్టుకోవడం ఒక్కటే ఆయనకి తెలుసు. కుర్చీ ఆయన తలమీదికి దిగబోతోంది.

చప్. చప్.

కాస్త ఆగి, చప్.

"గోడకి! అందరూ గోడకి!"

పెద్ద గొంతేం కాదు. కోపం కూడా లేదు అందులో. వాన చప్పుడుని కోసుకుంటూ వచ్చింది, ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం పరుచుకుంది.

ఒనొఫ్రి చెయ్యి వదిలేశాడు. చెవులు మూసుకున్నవాళ్లు చేతులు దించారు. ఎనిమిదిమందీ, తోసుకోకుండా, ఒకరినొకరు చూసుకోకుండా, నడిచి వెళ్లి గోడకి వీపులు ఆన్చారు. తలలు వంచారు. రెండు చేతులూ ముందుకి చాచారు, మణికట్లు దగ్గరగా చేర్చి, గుడ్డతో కట్టడానికి వీలుగా. తియానా ఎర్ర సంచి నేలమీద పడి ఉంది. దాని వైపు ఆమె చూడలేదు.

చప్పట్లు కొట్టింది జెనైదె. తన చేతుల్ని తనే చూసుకుంటోంది, అవి తనకి చెప్పకుండా ఏదో చేసినట్టు.

"అక్కా..." అంది అదల్జీజా, జబ్బ రుద్దుకుంటూ. "నువ్వు బళ్లో వంటమనిషివి కదూ?"

జెనైదె చేతులు గౌను మడతల్లోకి దాచుకుంది.

ఆరేళ్లు. వారానికి రెండుసార్లు లిందౌరా వంటింట్లో కూర్చుని కాఫీ తాగిన మనిషి. ఎప్పుడూ గేటు దగ్గర 'ఓ లిందౌరా!' అని పేరు పెట్టి పిలిచేది తప్ప ఒక్కనాడూ చప్పట్లు కొట్టలేదు. మొహం చూసి గుర్తుపట్టలేకపోవడంలో వింతేం లేదు. కొండమీద ఆయమ్మల మొహాలు తలెత్తి చూడకూడదు, చూస్తే దెబ్బలు. అక్కడివాళ్లకి తెలిసింది బూట్లూ, గొంతూ, ఆ చేతుల చప్పుడూ అంతే. గొంతు ముసలిదైపోయింది. చేతులు ముసలివి కాలేదు.

వరసలో అటు చివరనుంచి ఒనొఫ్రి, నేలవైపు చూస్తూ, "ఉన్నానమ్మా" అన్నాడు.

పక్కామె "ఉన్నానమ్మా" అంది. ఆ పక్కాయన "ఉన్నానమ్మా" అన్నాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, కొండమీద ప్రతి పొద్దునా హాజరు పలికినట్టే. బేకరీ ఆయన ఎత్తిన కుర్చీ మెల్లిగా కిందికి దించాడు. ఎవరో ఆడమనిషి "మరియతల్లీ" అని సన్నగా ఏడుస్తోంది.

లిందౌరా వంచిన తల వంచినట్టే ఉంచి ఆ చేతుల వరసని చూస్తోంది. వంకర వేళ్లు. గోళ్లరంగు వేసుకున్న వేళ్లు. తియానా చిన్న చేతులు. వాటి పక్కన, అన్నిటికంటే ఇవతల, ఇంకో జత. లావుగా, కాఫీ మరకలతో. వేలికి పెళ్లి ఉంగరం.

ఆ ఉంగరం తనది.

ఎప్పుడు నడిచిందో ఆమెకి తెలియదు. వీపుకి గోడ చల్లగా తగులుతోంది. చేతులు దించాలి, ఇప్పుడే దించాలి, నవ్వేసి ఏదో ఒకటి అనాలి. చేతులు మాట వినడంలేదు. దించమని వాటికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

జెనైదె వరస వెంట చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది. చూపు ముందు చేతులమీద, తర్వాత మొహంమీద పడింది. మొహంలో రంగు మారింది. వీధి మొత్తంలో అందరికంటే ముందు అర్థమైంది ఆవిడకే.

"ఉన్నానమ్మా" అంది తియానా పక్కనుంచి.

గుమ్మంలోంచి వాల్దొమీరో జనాన్ని తప్పించుకుని వచ్చాడు. చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. పెళ్లాం మొహం చూశాడు, చాచిన చేతులు చూశాడు. ఏదో ఆటనుకుని నవ్వబోయి ఆగిపోయాడు.

"లిందా" అన్నాడు. "నువ్వక్కడెందుకు నిలబడ్డావే?"

ఏంలేదయ్యా అందామనుకుంది. మఠంలో నేర్పారులే అందామనుకుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈయనకి చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కసారి వెతుక్కుంది.

నోరు తెరిచింది.

"ఉన్నానమ్మా" అంది.